గుహలోని రాయి చెప్పే వానలు, మనం చెప్పుకొనే కరువులు

తెలుగువారు కరువులకు పేర్లు పెట్టి గుర్తు పెట్టుకొన్నారు. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని ఖాళీ చేసినది నందన కరువు. 1876లో మొదలై దక్షిణ దేశాన్ని కబళించినది ధాత కరువు. తమిళనాట స్థిరపడిన మనవాళ్లు ఈ రెండోదాన్నే అక్కడి వాడుకలో 'తాదు వరుషప్ పంజం' అని వింటారు. ఒడిషాలో 1866 నాటి ఘోరానికి 'న అంక దుర్భిక్ష' అని పేరు. పూరీ గజపతి దివ్యసింహదేవుని పాలనలో అది తొమ్మిదో అంకం కావడం వల్ల ఆ పేరు వచ్చింది. ఇలా ఒక చోట ప్రభవాది సంవత్సరం, మరో చోట రాజుగారి పాలనా సంవత్సరం కరువుకు పేరయింది.

ఈ పేర్లలో ఒక సౌకర్యమూ, ఒక ఇబ్బందీ ఉన్నాయి. పేరు జ్ఞాపకంలో నిలుస్తుంది, ఇది సౌకర్యం. నందన సంవత్సరం 1832లో వచ్చింది, 1892లో వచ్చింది, 1952లోనూ, 2012లోనూ వచ్చింది. శక సంవత్సరం తెలియనప్పుడు 'నందనలో వానలు లేవు' అన్న మాట ఏ నందనకు చెందుతుందో తేల్చడం కష్టం. అంకం లెక్కా తేలికైనది కాదు. ఆ లెక్కలో కొన్ని అంకెలను వదిలివేస్తారు కనుక తొమ్మిదో అంకమంటే పాలనలో తొమ్మిదో ఏడు కాదు, ఏడో ఏడు.

వానను కొలిచి రాసి పెట్టిన లెక్కలు మనకు ఎంతో కాలానివి లేవు. మద్రాసులో 1813 నుంచి వర్షపాతపు లెక్కలున్నాయి. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. దేశమంతటికీ కలిపి వర్షపాతాన్ని చెప్పే ప్రసిద్ధమైన పట్టిక 1871తో మొదలవుతుంది. అంతకు ముందరి సంగతులకు శాసనాలు, కైఫీయతులు, యాత్రికుల రాతలు, పెద్దల నోటి మాటలు ఆధారం. గత ముప్ఫై ఏళ్లుగా వీటికి తోడుగా మరొక సాక్షి వచ్చింది. అది సున్నపురాతి గుహల్లో చుక్క చుక్కగా పెరిగే రాయి. ఆ రాయి ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. రెండో విషయం మొదటి దానికంటె ముఖ్యమైనదని వ్యాసం చివరకు తేలుతుంది.

చుక్క రాయిగా మారే తీరు

వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు సున్నపురాతి పగుళ్లలో దిగుతూ రాతిని కొద్దికొద్దిగా కరిగించుకొంటుంది. గుహ కప్పు దగ్గర అది చుక్కగా నిలిచినప్పుడు, లోపలి వాయువు గుహలోని గాలిలోకి తప్పించుకొని పోతుంది. వాయువు పోయిన నీటికి సున్నపు పదార్థాన్ని మోసే శక్తి తగ్గుతుంది. అలా విడివడిన పదార్థం పలచటి పొరగా మిగులుతుంది. దీన్నే కాల్సైట్ అంటారు.

కప్పు నుంచి కిందికి వేలాడేది స్టాలక్టైట్. చుక్క పడినచోట నేల మీద నుంచి పైకి లేచేది స్టాలగ్మైట్. రెండు మాటలూ 'బొట్లుగా కారడం' అనే అర్థం గల గ్రీకు ధాతువు నుంచి వచ్చినవే. పరిశోధకులు ఎక్కువగా కోరుకొనేది స్టాలగ్మైట్‌ను. అందులో పొరలు ఒకదానిమీద ఒకటి, పళ్లెం మీద పళ్లెం పేర్చినట్లు వరుసగా ఉంటాయి. అడుగున పాతవి, పైన కొత్తవి. ఈ పెరుగుదల చాలా మెల్లనిది. చాలాచోట్ల ఏడాదికి ఒక మిల్లీమీటరులో పదో వంతు, అంతకంటె తక్కువ కూడా. అంటే జానెడు రాయిలో రెండువేల ఏళ్లు ఇమిడి ఉండడం వింత కాదు.

రాయిలో వాన గుర్తు

నీటిలో హైడ్రోజన్‌తో పాటు ఆక్సిజన్ ఉంటుంది. ఆక్సిజన్ పరమాణువులన్నీ ఒకే బరువు గలవి కావు. వెయ్యింటిలో సుమారు 998 తేలికైన ఆక్సిజన్-16, రెండు మాత్రం బరువైన ఆక్సిజన్-18. ఇలా ఒకే మూలకంలో బరువు తేడా గల రకాలను మన పాఠ్యపుస్తకాల్లో సమస్థానీయాలు అంటారు. ఐసోటోపులు అన్న మాట కూడా వాడుకలో ఉంది.

మేఘంలోని ఆవిరి చల్లబడి నీరయ్యేటప్పుడు బరువైన ఆక్సిజన్ గల అణువులు ముందుగా కురుస్తాయి. వాన జోరుగా, ఎడతెగక కురిసే కొద్దీ మిగిలిన ఆవిరిలో బరువైనవి తరుగుతాయి. అందుచేత మన ఋతుపవన ప్రాంతంలో వాన బాగా పడిన కాలపు నీటిలో ఆక్సిజన్-18 పాలు తక్కువగాను, వాన సన్నగిల్లిన కాలపు నీటిలో ఎక్కువగాను ఉండడం సాధారణం. ఆ నీటితో ఏర్పడిన పొరలో ఆ పాలు అలాగే నిలిచిపోతుంది. స్టాలగ్మైట్‌ను నిలువునా కోసి, నున్నగా చేసి, సన్నని బరమాతో పొర పొరకూ చిటికెడు పొడి తీసి, ఆ పొడిలోని రెండు రకాల ఆక్సిజన్‌ల నిష్పత్తిని యంత్రంతో కొలుస్తారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ కొలత మిల్లీమీటర్లలో వర్షపాతం కాదు. ఆవిరి అరేబియా సముద్రం నుంచి వచ్చిందా, బంగాళాఖాతం నుంచి వచ్చిందా అన్నదాన్ని బట్టి కూడా నిష్పత్తి మారుతుంది. గుహలోకి గాలి ధారాళంగా వచ్చేచోట నీరు ఆవిరై లెక్క తప్పుతుంది. అందుకే ద్వారానికి దూరంగా, గాలి కదలని, తేమ నిండిన లోపలి గదుల్లో పెరిగిన రాళ్లనే ఎంచుకొంటారు. వీలైతే ఒకే కాలానికి చెందిన రెండు రాళ్లను పోల్చి చూస్తారు. రెండూ ఒకే మాట చెప్పినప్పుడు నమ్మకం పెరుగుతుంది.

కాలం లెక్క

వాన గుర్తు దొరికినా అది ఏనాటిదో తెలియకపోతే ప్రయోజనం లేదు. తేదీ లేని శాసనాన్ని లిపిని బట్టి ఫలానా శతాబ్దం అంటాం. శక సంవత్సరం ఉంటే సంవత్సరమే చెప్పగలం. గుహ రాళ్ల విషయంలోనూ ఇలాంటి రెండు మెట్లున్నాయి. కర్బన పద్ధతిలో వయసు కట్టినప్పుడు సున్నపురాతి నుంచే వచ్చిన పాత కర్బనం కలిసి రాయిని ఉన్నదానికంటె ముసలిదిగా చూపుతుంది. దాన్ని సవరించుకోవలసి వస్తుంది.

ఇంతకంటె గట్టిది యురేనియం-థోరియం పద్ధతి. యురేనియం నీటిలో కరుగుతుంది, థోరియం దాదాపు కరగదు. కనుక చుక్కతో వచ్చి పొరలో చేరేది యురేనియమే. కాలక్రమాన యురేనియం-234 క్షీణించి థోరియం-230గా మారుతుంది. యురేనియం-234లో సగం అలా మారడానికి సుమారు 2,45,000 ఏళ్లు పడుతుంది. పొరలో పోగైన థోరియం ఎంతో, మిగిలిన యురేనియం ఎంతో కొలిస్తే ఆ పొర వయసు తేలుతుంది. ఈ పద్ధతి లక్షల ఏళ్ల వెనక దాకా పనిచేస్తుంది. శుభ్రమైన రాయి దొరికితే గత వెయ్యేళ్లకు కొద్ది సంవత్సరాల తేడాతో కాలం చెప్పవచ్చు. నీటితో పాటు బంకమట్టి చేరిన రాయిలో, ఆ మట్టితో వచ్చిన థోరియం లెక్కను చెడగొడుతుంది. అప్పుడు దశాబ్దాల తేడాను ఒప్పుకోక తప్పదు. ఈ పద్ధతికి అరవై ఏళ్ల చక్రంతో పని లేదు. ఏ నందన అన్న ప్రశ్న ఇక్కడ పుట్టదు.

శబరి ఒడ్డు గుహలు

మన పాఠకులకు దగ్గరి గుహలు తూర్పు కనుమల అవతలి వైపున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో, జగ్దల్‌పూర్ సమీపాన కాంగేర్ లోయలో దండక్, కోటుమ్‌సర్ గుహలున్నాయి. ఒడిషాలోని కొరాపుట్ జిల్లాలో, కొలాబ్ నది పక్కన గుప్తేశ్వర్ గుహ ఉంది. లోపలి శివలింగాన్ని దర్శించడానికి జయపురం ప్రాంతపు తెలుగువారు కూడా వెళ్లే చోటు అది. భౌగోళికంగా ఈ గుహలన్నీ ఒకే కుటుంబం. కాంగేర్ లోయ నీరు కొలాబ్‌లో కలుస్తుంది. కొలాబ్ దిగువకు వచ్చి శబరి అవుతుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి పాయే గౌతమిగా యానాం పక్క నుంచి సముద్రానికి పోతుంది. కాబట్టి ఈ గుహల కప్పుల మీద పడిన వాన ఎంత అన్నది కొండల వాళ్ల సంగతి మాత్రమే కాదు, గోదావరి చివరి మడి దాకా సంబంధం ఉన్న సంగతి.

గుప్తేశ్వర్, దండక్ గుహల రాళ్లను అహమ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనాలయానికి చెందిన ఎం. జి. యాదవ, ఆర్. రమేశ్ కర్బన పద్ధతితో పరిశీలించి 2005లో ఫలితాలు ప్రకటించారు. వారి లెక్క మూడువేల ఏళ్లకు పైగా వెనక్కి పోతుంది. దండక్ గుహలోని మరొక స్టాలగ్మైట్‌ను ఆశీష్ సిన్హా, ఆయన సహచరులు యురేనియం-థోరియం పద్ధతితో చదివి 2007లో ప్రకటించారు. అది క్రీ.శ. 600 నుంచి 1500 వరకు, దాదాపు ఏడాదికేడాది చెప్పే లెక్క. అందులో తేలిన ముఖ్య విషయాలు రెండు. పద్నాలుగో శతాబ్దంలోను, పదిహేనో శతాబ్దపు నడుమను దశాబ్దాల తరబడి సాగిన తీవ్రమైన అనావృష్టి కాలాలున్నాయి. ఋతుపవనం ఎంతగా ఎగుడుదిగుడు కాగలదో మన యంత్రాల కొలతల చిన్న కాలం పూర్తిగా చూపలేదు. అంటే మనం కొలిచిన నూట యాభై ఏళ్లలో కనిపించని పొడవాటి కరువులు అంతకు ముందు వచ్చాయి. చెరువుకు, ఆనకట్టకు, కాలువకు లెక్క వేసేవారు ఈ రెండో మాటను ఆలోచించవలసి ఉంటుంది.

కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలోని అకలగవి గుహలో దొరికిన రాయి మరో తరహాది. అందులో ఏటికొక పొర స్పష్టంగా కనిపిస్తుంది. 331 ఏళ్ల పొరలను లెక్కించి పడమటి కనుమల వానల చరిత్రను 2004లో రాశారు. ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు ప్రాంతపు వాల్మీకి గుహ రాయిలో ఇప్పటికి సుమారు 15,700 నుంచి 14,700 ఏళ్ల కిందటి కాలం, అంటే మంచుయుగం సడలుతున్న వేళ, భద్రంగా ఉంది. ఆ లెక్క 2014లో వచ్చింది.

ఒక గుహ దేశమంతటికీ సాక్షి కాదు

వాన కురిసే తీరు దేశమంతా ఒకటి కాదు. నడివేసవి ఋతుపవనంలో మధ్య భారతాన వానలు తెరిపి ఇచ్చినప్పుడు ఈశాన్యంలో వానలు ఎక్కువ కావడం వాతావరణ శాస్త్రం ఎరిగినదే. 2011లో బస్తర్ ప్రాంతపు ఝుమర్ గుహనూ, మేఘాలయలోని వాహ్ శిఖర్ గుహనూ పోల్చినప్పుడు శతాబ్దాల పొడవునా ఇదే ఎదురుబొదురు ధోరణి కనిపించింది. ఒకటి ఎండిన కాలంలో రెండోది తడిసింది. మేఘాలయ రాయిని చూసి బస్తర్ కరువును ఊహిస్తే తప్పు దారి పడతాం.

తమిళనాడు పాఠకులు ఇంకొక సంగతి గమనించాలి. అక్కడి కోస్తా జిల్లాలకు ప్రధానమైన వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య ఋతుపవనానిది. బస్తర్ గుహలు చెప్పేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే నైరుతి ఋతుపవనం గురించి. ఒకదాని లోటును రెండోదానికి అంటగట్టరాదు.

మేఘాలయలోనే చిరపుంజి దగ్గరి మామ్లూ గుహ ఉదంతం మరొక పాఠం. ఆ గుహలోని ఒక రాయి ఆధారంగా సుమారు 4,200 ఏళ్ల కిందట మొదలైన భూచరిత్ర దశకు 2018లో 'మేఘాలయన్' అని అంతర్జాతీయంగా పేరు పెట్టారు. అదే సంవత్సరం అదే గుహలోని మరో రాయిని ఇంకా సూక్ష్మంగా చదివినవారికి వాన ఒక్కసారిగా తెగిపోయినట్లు కాక, దశాబ్దాల కరువులు విడివిడిగా వచ్చినట్లు కనిపించింది. హరప్పా నగరాల క్షీణతకు ఆ అనావృష్టే కారణమని తీర్మానించేవారు ఈ తేడాను దృష్టిలో ఉంచుకోవాలి.

అనావృష్టి వేరు, క్షామం వేరు

ఇంతవరకు నేను కరువు అన్న మాటను రెండు అర్థాల్లో వాడాను. మన వాడుకలో అది అలాగే ఉంది. వాన రాకపోయినా కరువే, తిండి దొరకకపోయినా కరువే. తెలుగులో వీటిని విడదీయాలంటే అనావృష్టి, క్షామం అన్న సంస్కృత పదాలను ఆశ్రయిస్తాం. ఇరుగుపొరుగు భాషలు చూడండి. తమిళంలో వానలేమి వరట్చి, తిండిలేమి పంజం. ఒడియాలో మరుడి వేరు, దుర్భిక్ష వేరు. కన్నడంలో బర అన్నది మన కరువులాగే రెండింటినీ కప్పుతుంది. మరాఠీలో దుష్కాళ్ కూడా అంతే. వాన సంగతి మాత్రమే చెప్పాలంటే అక్కడ అవర్షణ్ అనాలి.

ఇది నిఘంటువు చర్చ మాత్రమే కాదు. గుహలోని రాయికి తెలిసేది వరట్చి, మరుడి. పంజం, దుర్భిక్ష దానికి తెలియవు. ధాత కరువునే తీసుకోండి. వానలు విఫలమైన మాట నిజం. లక్షల మంది చావుకు అదొక్కటే కారణం కాదు. ఆ రోజుల్లోనే ధాన్యం దేశం నుంచి ఎగుమతి అవుతూ ఉంది. సహాయ శిబిరాల్లో పనిచేసేవారికి ఇచ్చిన కూలి ఆకలి తీర్చేది కాదని అప్పుడే ఆక్షేపణలు వచ్చాయి. వాన ఎంత తగ్గిందో రాయి చెబుతుంది. గిడ్డంగి తాళం ఎవరి చేతిలో ఉందో రాయి చెప్పదు. దానికి ప్రభుత్వ పత్రాలు, ఉత్తరాలు, పాటలు, పెద్దల జ్ఞాపకాలు చూడవలసిందే.

దండక్ రాయి చూపే అనావృష్టి కాలాలకు దగ్గరలోనే, 1396లో మొదలై పన్నెండేళ్లు సాగిందని దక్కన్ సంప్రదాయం చెప్పే దుర్గాదేవి కరువు ఉంది. మహారాష్ట్రలోని మన పాఠకులు ఆ పేరు విని ఉండవచ్చు. ఆ సంప్రదాయాన్ని కట్టుకథగా కొట్టిపారేయడానికి వీలులేదని గుహ చెబుతున్నది. అయితే పన్నెండేళ్లూ అంతటా తిండి లేదని గుహ చెప్పడం లేదు. నోటి మాటకు అది తోడు సాక్షి, అంతే.

వలసల మాట

తెలుగు నాడు విడిచి వచ్చిన కుటుంబాల్లో 'మేం కరువుకు తాళలేక వచ్చాం' అన్న మాట తరచు వినిపిస్తుంది. పద్నాలుగు, పదిహేను శతాబ్దాల్లో దీర్ఘమైన అనావృష్టి ఉందని తెలిశాక, ఆ వలసలన్నిటికీ కారణం దొరికిందని అనుకోవాలనిపిస్తుంది. తొందరపడరాదు. మూడు సంగతులు సరిపోవాలి. కాలం సరిపోవాలి, చోటు సరిపోవాలి, ఆ కరువు వల్లనే కదిలారనడానికి వేరే ఆధారం ఉండాలి.

కాకతీయ రాజ్యం 1323లో కూలిన తర్వాత అన్నమదేవుడు బస్తర్ చేరి రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశపు సంప్రదాయం. దండక్ గుహ ఉన్న సీమ అదే. అనావృష్టి శతాబ్దం అదే. అయినా ఆ ప్రయాణానికి కారణం యుద్ధమే కాని వాన కాదు. మధుర, తంజావూరు నాయక రాజ్యాలు పదహారో శతాబ్దంలో ఏర్పడినప్పుడు వెళ్లినవారిలో ఎందరో సైన్యం వెంట, కొలువు వెంట వెళ్లారు. కోవిల్పట్టి ప్రాంతపు నల్లరేగడి తెలుగువారి కథను తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' (1976) నవలలో వలసకు కారణం పాలకుడి భయం. వర్షాధారపు నల్లరేగడిలో సేద్యం చేయడం తెలిసినవారు అలాంటి నేలను వెదుక్కొంటూ పోవడం కూడా ఒక కారణం కావచ్చు. మనిషి ఊరు విడవడానికి ఒక్క కారణం చాలదు. కరువు వచ్చిన ఊళ్లో అందరూ కదలరు. కదిలినవారు ఎక్కడికి వెళ్లాలన్నది వాన నిర్ణయించదు, చుట్టరికమో, భూమో, కొలువో నిర్ణయిస్తుంది.

మన భాషాశాస్త్రంలోనూ ఇదే నియమం ఉంది. రెండు భాషల్లో ఒకే మాట కనిపించినంతనే ఒకటి రెండోదాని నుంచి తెచ్చుకొన్నదని అనం. ధ్వని మార్పుల క్రమం సరిపోవాలి, సంపర్కం జరిగిన కాలం సరిపోవాలి. పోలిక ప్రశ్నకు మొదలు మాత్రమే.

చేయవలసినవి

ఈ కొత్త సాక్షి రావడం వల్ల పాత సాక్షుల విలువ తగ్గలేదు, పెరిగింది. ఏటికేడు చెప్పగల వానల లెక్క పక్కన పెట్టి చూడడానికి మనకు తేదీ గల మానవ ఆధారాలు కావాలి. మీ ఊరి చెరువు తూము మీద శాసనం ఉంటే సంవత్సరం పేరుతో పాటు శక సంవత్సరం, మాసం, తిథి, వారం ఉన్నవేమో చూసి యథాతథంగా రాసుకోండి. ఆ వివరాలుంటే ఏ నందనో, ఏ ధాతో లెక్క కట్టి తేల్చవచ్చు. ఇంట్లో పెద్దలు ఒక కరువును ఏ పేరుతో పిలుస్తారో, అప్పుడు ఏం తిన్నామని చెబుతారో, ఎవరు కదిలారో, ఎవరు ఉండిపోయారో అడిగి, వారి మాటల్లోనే రాయండి. దిద్దకండి. కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో పేరు చెబితే అలాగే ఉంచండి. ఏ మాట వాడారన్నదాన్ని బట్టి వారు చెప్పేది వానలేమి సంగతో, ఆకలి సంగతో తేలవచ్చు.

గుహల విషయంలో చేయవలసింది ఇంకా తేలిక. బొర్రా, బెలుం, గుప్తేశ్వర్ గుహలకు ఏటా ఎందరో యాత్రికులు వెళతారు. గుర్తుగా ఒక ముక్క విరిచి తెచ్చుకోవడం, నున్నగా ఉందని చేతితో రాయడం, పేర్లు చెక్కడం మానుకోవాలి. చేతి జిడ్డు అంటిన చోట కొత్త పొర సరిగా పట్టదు. బొటనవేలంత ముక్క విరిగితే కొన్ని శతాబ్దాల వానల లెక్క పోయినట్లే. తాళపత్రం చిరిగితే మరో ప్రతి ఎక్కడైనా దొరకవచ్చు. గుహలోని రాయికి ప్రతి లేదు.